భుజం చెప్పిన మాట

అద్దం ఒక్కడు మోసేది కాదు. ఎంత బలవంతుడైనా నిలువెత్తు గాజు అద్దం దగ్గరికి వచ్చేసరికి ఇంకొకడి కోసం చుట్టూ చూడాల్సిందే. అద్దాన్ని అంచు మీద నిలబెట్టి, అడుగున చెరోవైపు తోలుపట్టీ వేసి, భుజానికి ఆనించుకుని నడవాలి. చూసేవాళ్ళకు ఇద్దరు మనుషులు గాలిని మోసుకుపోతున్నట్టు ఉంటుంది. మోసేవాళ్ళకు మాత్రం అవతలివాడు దగ్గినా భుజంలో తెలుస్తుంది.

"ముఖం అబద్ధం చెబుతుంది. నోరు సరేసరి. భుజం చెప్పదురా," అనేవాడు అతని తండ్రి. ఆయనా అతను పనిచేసే అద్దాల దుకాణంలోనే అద్దాలు మోసి, కొడుక్కి ఆ పని, ఆ మాట రెండూ అప్పగించి పక్కకు తప్పుకున్నవాడు. అంతకు మించి ఆయన ఇచ్చింది ఏమీ లేదు. అతను వేరే ఆస్తి కోరుకోనూ లేదు.

అందుకే ఆ రోజు ఒక ఆఫీసు మెట్ల మీద భుజం ఏదో చెప్పబోతే అతను చెవి ఒగ్గాడు.

లిఫ్టులో పట్టని అద్దం. మెట్ల మీదుగా పైకి చేర్చాలి. మెట్లెక్కేటప్పుడు బరువు కింద ఉన్నవాడి మీదికి జారుతుంది కనుక, చెయ్యి తిరిగినవాడు కింద ఉంటాడు. కింద అతను, పైన బావమరిది. భార్యకు తమ్ముడు. ఇద్దరూ చాలాకాలంగా జోడీ. కన్ను ఎగరేస్తే చాలు, ఒకరి అడుగు ఒకరికి అర్థమవుతుంది.

"ఎత్తిపట్టు," అన్నాడతను.

"పట్టాను బావా."

"పట్టుంటే నా మీదికెందుకు వస్తోంది?"

"మెట్లు కదా బావా. కిందోడి మీదికే వస్తుంది."

"నాకు మెట్ల గురించి చెప్తున్నావా నువ్వు?"

బావమరిది మోకాలు కాస్త వంచి, తన వైపు అంచును ఇంకొంచెం పైకి తీశాడు. అయినా బరువు తగ్గలేదు. ఎవరో మొండివాడు అద్దం మీదికెక్కి కూర్చున్నట్టు ఉంది. అతని మెడ మీదినుంచి చెమట ధారగా దిగి చొక్కాలోకి పోతోంది. తలెత్తి చూశాడు. బావమరిది నుదురు పొడిగా ఉంది.

చెమట పట్టనివాడు మోస్తున్నట్టా?

మలుపు దగ్గరికి రాగానే బావమరిది "చాలు" అన్నాడు.

వాళ్ళ పనిలో అదొక కట్టుబాటు. ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా రెండోవాడు ఎందుకని అడగడు. గుడ్డ చుట్టిన చెక్కదిమ్మల మీదికి అద్దం దించేస్తారు. అడిగే వ్యవధిలో జారిపోయే వస్తువు అది. అడగరు నిజమే, కానీ మనసులో రాసుకుంటారు. అతను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా "చాలు" అన్నవాడు కాదు. ఆ సంగతి దుకాణంలో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ అతనికి తెలుసు. బావమరిది మాత్రం ఈమధ్య ప్రతి మలుపులోనూ అంటున్నాడు.

దిమ్మల పక్కన కూర్చుని బావమరిది నీళ్ళ సీసా అందించాడు.

"నీ కళ్ళు చూసి మిరపపళ్ళు సిగ్గుపడుతున్నాయి బావా. ఈ రాత్రికి నేనొచ్చి పెద్దాయన దగ్గర కూర్చోనా?"

"మా నాన్నకు నేనున్నాను."

"ఉన్నావులే. ఉండటానికైనా ఒంట్లో ఏదో ఒకటి మిగలాలిగా?"

"నీ చేతులు చూసుకో ముందు. నా ఒళ్ళు నేను చూసుకుంటాను."

బావమరిది అతని చేతుల వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి, సీసా మూత బిగించాడు.

*

తండ్రి ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు. దిండ్లు ఎత్తుగా పేరిస్తే జారిపోతాడు. ఆయనకు కాస్త కునుకు పట్టేది ఒక్క చోటే, కొడుకు గుండెకు వీపు ఆనించినప్పుడు. అందుకని దీపం ఆర్పిన దగ్గర్నుంచి తెల్లారేదాకా అతను గోడకు చేరబడి, తండ్రిని ముందు కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ చుట్టి ఉంచుతాడు. ఆ పని కోడలు చేయబోతే ముసలాయన బిగుసుకుపోయాడు. కోడలి ఒంటి మీద వాలడం ఆయనకు చేతకాలేదు.

కూర్చున్నంత మాత్రాన కునుకు తియ్యకూడదా అంటే, అది కుదిరేది కాదు. ముసలాయన ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ ఒక్కోసారి పొడుగ్గా సాగుతుంది. తరువాతి ఊపిరి వచ్చేదాకా అతనూ ఊపిరి బిగబట్టేవాడు. వచ్చాక మళ్ళీ దాని తరువాతి దాని కోసం.

ఉదయం తండ్రిని మంచం మీదినుంచి ఎత్తి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడుతూ, అతను భార్యతో నవ్వుతూ అన్నాడు.

"ఇదిగో, నాన్న బరువెక్కుతున్నాడే! మొన్నటికీ ఈరోజుకీ ఎంత తేడా ఉందో. నడుం పట్టేస్తోంది నాకు."

జావ చల్లారుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. తిండి ఒంటికి పట్టాలి, బరువు పెరగాలి, పెరిగితే ఫరవాలేదు అని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఇంట్లో ఇప్పుడు అందరి ఆశా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఆమె మామగారి మెడ కింది గుంటల వైపు చూసింది. నీళ్ళు పోస్తే నిలిచేలా ఉన్నాయి.

"జావ పడుతోందేమోలెండి," అంది మెల్లగా.

"పట్టకేం! ఎత్తేవాణ్ణి నాకు తెలియదా?"

ముసలాయన ఊపిరి కూడదీసుకుని, కొడుకును చూసి ఒక కన్ను చికిలించాడు. "అయితే... రేపట్నుంచి... చెరోవైపు... పట్టీ వెయ్యండ్రా."

ముగ్గురూ నవ్వారు. ముసలాయన నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు తగ్గేదాకా జావ గిన్నె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

*

మరునాడు దుకాణం ముందు, బండి మీదినుంచి అద్దం దించుతుండగా అది ఒక్కసారిగా అతని వైపు ఒరిగింది. అతను మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. అంచు నేలను తాకి చిన్నగా "టిక్" మంది. అద్దాలవాళ్ళకు ఆ చప్పుడు వింటే వెన్నులో చలి పుడుతుంది. పగుళ్ళన్నీ అంత చిన్నగానే మొదలవుతాయి.

లోపల బల్ల మీద అద్దం కోస్తున్నవాళ్ళు తలలెత్తారు. యజమాని బయటికి వచ్చాడు.

"ఏమైంది?"

"వీణ్ణడగండి సార్!" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "పట్టుకోడు. పట్టుకున్నట్టు నటిస్తాడు. ఇన్నాళ్ళూ ఇంటివాడని ఊరుకున్నాను. ఇద్దరి బరువూ నేనొక్కణ్ణే లాగుతున్నాను. రేపు ఎవరిదో ఒకరి కాలు తెగుతుంది. అప్పుడు నన్ననకండి."

"నిజమేనా?" అని యజమాని బావమరిదిని అడిగాడు.

బావమరిది నోరు తెరిచాడు. బావ చేతుల వైపు చూశాడు. మళ్ళీ యజమాని వైపు చూశాడు. నోరు మూసుకుని తోలుపట్టీని చుట్టచుట్టడం మొదలుపెట్టాడు.

"మాట్లాడవేం?"

"బావ ఏమంటే అదే సార్."

"ఆయన మాట మీద నాకు గురి. భుజం పెట్టి చెబుతున్నాడు," అన్నాడు యజమాని. "సరే. రేపట్నుంచి నువ్వు ముక్కల గదిలోకి వెళ్ళు. మోతకు గున్న వస్తాడు."

అతను ఉలిక్కిపడ్డాడు. వాణ్ణి కోత బల్ల దగ్గర వేస్తారనుకున్నాడు. బండి మీద వేస్తారనుకున్నాడు. ముక్కల గది సంగతి అతని ఊహకే రాలేదు. పెరట్లో, కిటికీ లేని రేకుల గది అది. విరిగిన అద్దాలను రంగుల వారీగా వేరుచేసి, సమ్మెటతో నలగ్గొట్టి, కరిగించడానికి పంపే గోనెల్లో నింపాలి. తలుపు తెరిస్తే ఎండలో గాలి గాజు పొడితో తళతళలాడుతుంది. చూడటానికి బాగుంటుంది. తండ్రి భుజం అరిగాక చివరి సంవత్సరాలు పనిచేసింది ఆ గదిలోనే.

వద్దు సార్ అనడానికి అప్పటికింకా వేళ మించలేదు. యజమాని గుమ్మం దాటేదాకా కూడా మించలేదు. కానీ అందరూ చూస్తున్నారు. అన్న మాట వెనక్కి తీసుకుంటే తన భుజం మాట తప్పినట్టవుతుంది.

"సరే బావా," అన్నాడు బావమరిది, అతను ఏదో అడిగినట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చోకుండా నిలబడే అడిగింది.

"మామయ్యను తినేసిన గదిలోకి మా తమ్ముణ్ణి పంపారా?"

"నేను పంపలేదు. యజమాని పంపాడు."

"నోరు ఆయనది. మాట మీది."

"వాడు పట్టుకోవడం లేదే. నీకేం తెలుసు? నా భుజానికి తెలుసు."

"మీ భుజానికి అన్నీ తెలుసు," అందామె. "ఎవరు వాలినా మోయడం దానికి తెలుసు. ఎవరి మీదా వాలడం మాత్రం తెలియదు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ముసలాయన కుర్చీలోంచి ఇటే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదిలాయి గానీ మాటకు సరిపడా ఊపిరి దొరకలేదు.

*

గున్నది ఏనుగు పిల్లలాంటి ఒళ్ళు. అందుకే ఆ పేరు. తలుపుల్లోంచి పక్కకు తిరిగి వెళ్తాడు. వాడితో కలిసి అద్దం పట్టుకుంటే పువ్వు పట్టినట్టే ఉంటుందని దుకాణంలో అంటారు.

పట్టీ వేసి లేచిన క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. బరువు నిన్నటికంటే ఎక్కువగా ఉంది.

"పట్టావా గున్నా?"

"పట్టానన్నా."

"అన్నం తినే వచ్చావా?"

"రెండుసార్లు తిని వచ్చానన్నా. నువ్వు తిన్నావా?"

అతను నవ్వలేదు. అద్దంలోంచి గున్న మెడ కనిపిస్తోంది. నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. నటించేవాడి మెడ అలా ఉండదు. మరి ఈ బరువు ఎక్కణ్ణుంచి వస్తోంది? యజమాని చెప్పకుండా మందమైన సరుకు తెప్పించాడేమో. దించాక బొటనవేలి గోరు పెట్టి అంచు మందం చూశాడు. ఎప్పటి మందమే. ఇంకోసారి చూశాడు. గోరు అక్కడే ఆగింది.

నడుస్తుంటే వీధి చివర మలుపు అతన్ని వెక్కిరిస్తున్నట్టు వెనక్కి వెనక్కి జరిగింది. ఎండ ప్రతి అద్దంలోంచీ కంట్లో పొడిచింది. మెట్ల మలుపులో గున్న "చాలు" అన్నాడు.

వీడు కూడానా, అనుకున్నాడతను. మనుషులందరూ కూడబలుక్కుని తన మీద వాలుతున్నట్టు అనిపించింది.

పెరట్లో ముక్కల గది తలుపు మూసి ఉంది. లోపల సమ్మెట పడుతున్న చప్పుడు దుకాణం దాకా వస్తోంది. పడిన ప్రతిసారీ వెనకాల సన్నని వాన కురిసినట్టు చప్పుడు. అతను రోజంతా ఆ వైపు వెళ్ళలేదు.

సాయంత్రం యజమాని పిలిచి చెప్పాడు. "రేపు మధ్యాహ్నం పెద్దది ఉంది. కొత్త షోరూము మేడ మీదికి. మన చేతిలోంచి అంత పెద్ద అద్దం ఇంతకు ముందు వెళ్ళలేదు. పొద్దున సెలవడిగావుగా, మీ నాన్నను డాక్టరుకు చూపించుకో. మధ్యాహ్నానికి మాత్రం రా. కింద నువ్వే ఉండాలి."

"ఉంటాను సార్."

*

ఆసుపత్రి మేడ మీద ఉంది. తండ్రిని వీపున వేసుకుని అతను మెట్లెక్కాడు. సగం దారిలో మోకాళ్ళు పట్టుకున్నాయి. గోడకు ఆనుకుని ఆయాసపడుతూ, మనసులో మాత్రం పొంగిపోయాడు.

"చూశావా నాన్నా, ఎంత బరువెక్కావో! నన్ను నిలబెట్టేశావు."

వీపు మీద ముసలాయన గడ్డం అతని భుజంలోకి గుచ్చుకుంది.

నర్సు ముసలాయనను బరువు చూసే కుర్చీలో కూర్చోబెట్టింది. ముల్లు కదిలి ఆగింది. ఆమె పాత చీటీ వంక చూసి పెదవి విరిచింది.

"బాగా తగ్గారు. పోయినసారి కంటే చాలా తగ్గారు. ఏం పెడుతున్నారు?"

"తగ్గడమేంటమ్మా? మిషన్ సరిగ్గా చూడండి."

"సరిగ్గానే చూశాను."

"తప్పు చూపిస్తోంది. నేను మోసుకొచ్చాను ఆయన్ని. రోజూ ఎత్తేవాణ్ణి. రోజురోజుకీ బరువెక్కుతున్నాడు. నాకు తెలుసు."

"అందరూ మిషన్నే తిడతారు," అంటూ ఆమె విసుగ్గా ముల్లును మొదటికి తెచ్చి మళ్ళీ చూసింది. ముల్లు అక్కడే నిలిచింది. తలెత్తి అతని ముఖం చూసింది. ఈసారి విసుగు తగ్గింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"మీరు పడుకుని ఎన్నాళ్ళయింది?"

"పడుకోవడానికేముందమ్మా. నాకు అలవాటే."

"ఎవరికీ అలవాటు కాదండీ. వరసగా రాత్రి డ్యూటీలు పడితే నాకు ఈ మెట్లే కొండ. మెట్లు పెరుగుతాయా ఏంటి? కాళ్ళూ అవే, గుండె కొట్టుకునేదీ ఎప్పట్లాగే. అయినా అంతా రెండింతలు అనిపిస్తుంది. పక్కనోళ్ళు పని ఎగ్గొడుతున్నారనిపిస్తుంది. మొన్న ట్రాలీ తోస్తూ అవతలామెను తిట్టిపోశాను. పాపం, ఆమే తోస్తోంది."

ఆమె సూది మందు తేవడానికి లోపలికి వెళ్ళింది.

అతను కుర్చీలో ఉన్న తండ్రిని చూశాడు. చొక్కా భుజాల మీదినుంచి చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. ఇంత కళ్ళెదుట ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ ఎలా చూడలేదో తెలియలేదు. తండ్రి తగ్గిపోతూ ఉంటే, తాను మాత్రం ఆయన బరువెక్కుతున్నాడని సంబరపడ్డాడు. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె అబద్ధం ఆడింది, జావ పడుతోందని.

తండ్రి బరువు పెరగలేదు. అద్దం మందం పెరగలేదు.

"పట్టాను బావా," అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. అప్పుడు వినిపించిన గొంతే. అప్పుడు వినిపించని నిజం.

*

షోరూము ముందు పెద్ద అద్దం నిలబడి ఉంది. దాని మీద అడ్డంగా అంటించిన తెల్ల టేపు లేకపోతే అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. వీధి, ఆకాశం, అటు ఇటు తిరిగే జనం, అన్నీ అందులోంచే నడుస్తున్నాయి. అతను పట్టీ వేసుకున్నాడు. ఆసుపత్రి నుంచి తండ్రిని ఇంట్లో దింపి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేశాడు. తప్పు తనదేనని చెప్పాలనుకున్నాడు. యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు. ఇదొక్కటీ ఎక్కించి చెబుదాం అనుకున్నాడు.

మొదటి మెట్లు ఎక్కారు. బరువు వచ్చి భుజం మీద కూర్చుంది. ఇప్పుడు దాని పేరు తెలుసు గనుక తేలికవుతుందేమో అనుకున్నాడు. కాలేదు. తెలిసిన దయ్యమైనా దయ్యమే. కాళ్ళ కింద మెట్టు ఒక క్షణం లేనట్టు, మరుక్షణం ఉన్నట్టు అనిపించింది. పైన గున్న, గున్న వెనకాల ఆకాశం, మధ్యలో ఈ కనిపించని గోడ. ఇది జారితే ముందు తన మీదికే వస్తుంది. తరువాత వెనకాల నిలబడి చూస్తున్న జనం మీదికి.

"చాలు," అన్నాడతను.

ఆ మాట అంత చిన్నదని అతనికి తెలియదు.

గున్న ఎందుకని అడగలేదు. దిమ్మల మీదికి దించారు. దించాక మాత్రం గున్న తన పట్టీ వదలకుండానే అన్నాడు.

"నేనే అందామనుకుంటున్నానన్నా. నీ చేతుల వణుకు ఇందాకట్నుంచి పట్టీలోంచి నాకు వస్తోంది."

"మరి అనలేదేం?"

"ఇంకో మెట్టు చూద్దామని." వాడు నేల చూశాడు. "మీ బావమరిది చెప్పాడులే. 'మా బావ చాలు అనడు. చేతులు వణుకుతుంటే నువ్వే అనెయ్. నీకు అలిసిపోయినట్టు అను. ఆయనకు తెలియనియ్యకు' అన్నాడు."

అతను చెక్కదిమ్మ పక్కన కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ వినపడిన "చాలు"లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అతని ముందు నిలబడ్డాయి. వాటిని అతను ఎక్కడ రాసుకున్నాడో, ఎవరి పేరు కింద రాసుకున్నాడో కూడా కనిపించింది.

యజమాని గబగబా ఎక్కి వచ్చాడు. "ఏమైందయ్యా?"

"నేను మొయ్యలేను సార్. నిద్ర లేదు. చాన్నాళ్ళుగా లేదు. వాడు పట్టుకునే ఉన్నాడు. ప్రతిసారీ పట్టుకునే ఉన్నాడు."

"మరి మొన్న అందరి ముందూ..."

"నా భుజం అబద్ధం చెప్పింది సార్."

యజమాని కోప్పడలేదు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

"సరే. వాణ్ణి మోతలోకి తెస్తాను. ఈ పెద్దది రేపు వాడూ గున్నా ఎక్కిస్తారు. కానీ ముక్కల గదిలో ఎవడో ఒకడు ఉండాలి. గోనెలు ఆగిపోతే అవతలివాళ్ళకు నేను జవాబు చెప్పుకోలేను."

"ఉంటాను," అన్నాడతను.

*

ముక్కల గది తలుపు తోశాడు. సమ్మెట ఆగింది. గాలి ఇంకా తళతళలాడుతోంది. బావమరిది ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. కనురెప్పల మీద తెల్లగా, ముసలితనం ముందే వచ్చినట్టు పొడి పేరుకుంది.

"ఏంటి బావా? పెద్దది ఎక్కించారా?"

"లేదు. రా."

"ఎక్కడికి?"

"ఇంటికి. నాన్న దగ్గర కూర్చోవాలి నువ్వు."

బావమరిది గుడ్డ కిందికి లాగాడు. సమ్మెటను గోడకు ఆనించి, చేతులు దులుపుకోబోయి, గాజు పొడి గుచ్చుకుంటుందని గుర్తొచ్చి ఆగాడు.

"అక్క తిడుతుంది, కాళ్ళు కడుక్కోకుండా వచ్చానని."

"నన్ను తిట్టడం అయ్యాక నీ వంతు వస్తుందిలే. అప్పటికి కడుక్కోవచ్చు."

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. కిటికీలోంచి పడిన ఎండ మంచం మీద దిండ్లకు ఆనుకున్న ముసలాయన కాళ్ళ మీద ఉంది. భార్య, తమ్ముడి కనురెప్పలు చూసి, భర్త ముఖం చూసి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. బావమరిది ఒళ్ళంతా కడుక్కుని, బావ చొక్కా తొడుక్కుని మంచం ఎక్కి, గోడకు చేరబడ్డాడు. ముసలాయనను ముందుకు తీసుకోవడానికి చంకల కింద చేతులు వేశాడు.

బరువుకు సిద్ధపడిన చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి. ముసలాయన దాదాపు గాల్లోకి వచ్చేశాడు. బావమరిది ముఖం మారిపోయింది. వెంటనే సర్దుకుని, ఆయన వీపును మెల్లగా తన గుండెకు ఆనించుకున్నాడు. ముసలాయన బిగుసుకోలేదు. కళ్ళు మూసుకుని వాలాడు.

అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మిషన్ చూపించింది అతనికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"బరువుగా ఉన్నాడా?" అని అడిగాడు.

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగింది.

"ఉన్నాడు బావా," అన్నాడు. "బాగానే బరువున్నాడు. నేను పట్టుకున్నాను. నువ్వెళ్ళి పడుకో."

అతను పక్క గదిలోకి వెళ్ళి, చాప మీద ఒరిగాడు. నేల అతన్ని లోపలికి లాక్కుంది. గోడకవతల సన్నగా, పొడిగా ఒక దగ్గు వినిపించింది. కాసేపాగి మళ్ళీ వినిపించింది. అది తండ్రిదో బావమరిదిదో పోల్చుకుందామని చూశాడు. పోల్చుకోకముందే నిద్ర వచ్చేసింది.